చూపు కలవని రెండు బొమ్మలు

మా అపొలెనా పిన్ని పద్దెనిమిదేళ్లపాటు బొమ్మలకు చేతులు చేసింది. సన్నటి రాగి తీగను మెలిపెట్టి ఐదు వేళ్లు తీయడం, దాని మీద దూది చుట్టడం, దూది మీద పల్చటి మేకతోలు అతికించి గోళ్లు గీయడం, ఇదీ ఆమె పని. మొత్తం చెయ్యి నా బొటనవేలంత ఉండేది. ఆ చెయ్యే టోపీ తీయాలి, గ్లాసు పట్టుకోవాలి, అవసరమైతే ముక్కు గోక్కోవాలి. ప్రాగ్‌లో, నూస్లే పేటలో, ‘బంగారు చేప’ అనే బీరు కొట్టు వెనకున్న వర్క్‌షాపులో తీసిన ప్రతి బొమ్మల సినిమాలోనూ చేతులన్నీ ఆమెవే. పేరు మాత్రం ఏ సినిమాలోనూ లేదు.

నేను ఆమె అక్క కొడుకుని. ఇంజనీరింగ్ మూడో ఏట వదిలేసి బొగ్గు లారీ తోలుతున్నాను. ఇది ఎందుకు చెబుతున్నానంటే, చదువు పూర్తిచేసినవాళ్లెవరైనా ఆమె గురించి రాస్తే కళ, తపస్సు లాంటి మాటలు తెచ్చి పెడతారు. పిన్ని అలాంటి మనిషి కాదు. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. నోరు మంచిది కాదు. బంక కాగుతున్నప్పుడు ఎవరైనా తలుపు తీసి చలిగాలి లోపలికి రానిస్తే, వాళ్ల తాతముత్తాతల దాకా వెళ్లి తిట్టి వచ్చేది. మధ్యాహ్నం రొట్టె మీద పందికొవ్వు రాసుకుని, పైన ఉల్లిచక్రాలు పెట్టుకుని, నిలబడే తినేది. కూర్చుంటే నడుం పట్టేస్తుందట. నేను చెప్పబోయే సంగతి జరిగిన చలికాలానికి, అంటే అరవై ఒకటికి, ఆమెకు యాభై రెండేళ్లు. మా బాబాయి యుద్ధంలో పోయాడు. ఆ సంగతి ఆమె మాట్లాడదు, నేనూ రాయను.

వర్క్‌షాపు ఒకప్పుడు బీరు కొట్టు వాళ్ల ఆటగది. పొడుగ్గా ఉండే ఆ గదిలో చెక్క బంతులు దొర్లించి ఆ చివరన నిలబెట్టిన కొయ్య పిన్నుల్ని పడగొట్టేవారు. కింద రాతి నేల. బయట ట్రాము వెళ్లినా అదరదు. బొమ్మల సినిమాకు అలాంటి నేలే కావాలి. ఎందుకంటే బొమ్మ తనంతట తాను కదలదు. దాన్ని వెంట్రుకవాసి జరిపి ఒక ఫొటో తీస్తారు, మళ్లీ వెంట్రుకవాసి జరిపి ఇంకో ఫొటో. తెర మీద ఒక్క సెకను గడవాలంటే ఇరవై నాలుగు ఫొటోలు కావాలి. మధ్యలో ఎవడైనా బల్లకు మోకాలు తగిలించాడంటే పొద్దుటి నుంచి చేసిన పని గంగపాలు. మా దగ్గర ఆ గంగ పేరు వల్తావా, అంతే తేడా.

బొమ్మను జరిపేవాడు అక్కడ రాజు. పదేళ్లుగా ఆ రాజు లూకెష్. తెల్లకోటు, జేబులో దువ్వెన. కెమెరా ముందున్న స్టూలు అతనిది. పిన్ని చేసిన చేతుల్ని తీసుకునేటప్పుడు కూడా ముఖం చూసేవాడు కాదు. “అక్కడ పెట్టు,” అనేవాడు.

పిన్నికి ఆ స్టూలు కావాలి. ఈ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవారు కాదు. కొత్త చెయ్యి చేసిన ప్రతిసారీ, అది సరిగా పనిచేస్తుందో లేదో చూసే నెపంతో ఆమె బొమ్మను తన బల్ల మీద నిలబెట్టి జరిపేది. కెమెరా లేదు, లైట్లు లేవు. వేలు కొంచెం, మణికట్టు కొంచెం, భుజం కొంచెం. నేను బొగ్గు దించడానికి వెళ్లినప్పుడు చాలాసార్లు చూశాను. ఎవరూ ఫొటో తీయని సినిమాలు ఆమె ఆ బల్ల మీద ఎన్ని తీసిందో లెక్కలేదు.

ఆ జనవరిలో లూకెష్ ట్రాము దిగుతూ మంచు మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. చేతిలో ఉన్న సినిమా ఏమో జెలెనోవ్ ఊళ్లో బీరు కాచే బ్రూవరీ వాళ్లది. సినిమా హాళ్లలో అసలు ఆట మొదలయ్యే ముందు వేసే ఒక్క నిమిషం ప్రకటన. గడువు నెలన్నర. డైరెక్టర్ హ్రుబెష్ రెండు రోజులు తల పట్టుకుని కూర్చున్నాడు. మూడోరోజు పిన్ని బల్ల దగ్గరికి వచ్చాడు.

“అపొలెనా, నీకు జరపడం వచ్చా?”

“పద్దెనిమిదేళ్ల తర్వాత అడుగుతున్నారా ఆ మాట?”

“వచ్చా రాదా చెప్పమ్మా.”

“వచ్చు.”

“అయితే విను. బ్రూవరీ వాళ్లు సరే అన్నారంటే ఆ స్టూలు నీది. లూకెష్ తిరిగొచ్చినా నీది నీకే, ఇంకో స్టూలు వేయిస్తాను. కాదన్నారంటే మళ్లీ ఈ బల్ల దగ్గరికే రావాలి. తర్వాత ఎప్పుడూ ఈ మాట ఎత్తకూడదు. సరేనా?”

“నేను ఇంతవరకూ ఎప్పుడెత్తాను?” అంది పిన్ని.

నిజమే, ఎత్తలేదు. కానీ సరే అంది.

కథ చిన్నదే. పీపాలు చేసేవాడొకడు, ఇళ్ల పొగగొట్టాలు ఊడ్చేవాడొకడు. ఇద్దరూ పొరుగువాళ్లు. పదేళ్లుగా మాటల్లేవు. చలిలో ఇద్దరూ ఒకే బీరు కొట్టులోకి వస్తారు, చెరో మూల కూర్చుంటారు. కొట్టువాడు రెండు గ్లాసులు నింపి ఒకే బల్ల మీద పెట్టేసి వెళ్లిపోతాడు. వాళ్లిద్దరూ లేచి గ్లాసుల దగ్గరికి రాక తప్పదు. వస్తారు, గ్లాసులు తగిలిస్తారు, తాగుతారు. వెనక పీపా మీద జెలెనోవ్ గుర్తు. అంతే. మాటలు లేవు.

కష్టమంతా బీరుతోనే వచ్చింది. అసలు బీరు లైట్ల వేడికి పది నిమిషాల్లో చచ్చిపోతుంది. నురగ అయితే రెండు ఫొటోలకు కూడా ఆగదు. అందుకని పిన్ని బీరుకు బదులు పైన్ చెట్టు బంక కరిగించి, చిన్న గ్లాసుల్లో పోత పోసింది. తేనె రంగులో, వెలుతురు పడితే లోపల్నుంచి మెరిసేది. ఇక నురగ. సబ్బు నురగ, దూది, మైనం అన్నీ అయ్యాయి. దూది గొర్రెలా ఉంది, మైనం సమాధి మీద కొవ్వొత్తిలా ఉంది. చివరికి ఆమె క్రిస్మస్ వంట గుర్తు తెచ్చుకుంది. గుడ్డు తెల్లసొన గిలక్కొట్టి, పంచదార కలిపి, సన్నసెగ మీద ఆరబెట్టి చేసే తెల్లటి పెళుసు ముద్దలు ఉంటాయి కదా, అవి. ఇంట్లో పొయ్యి మీద ముప్పై ఒక్క నురగలు చేసింది. మొదటిది కందిగింజంత. చివరిది గ్లాసు అంచు దాటి కొంచెం పొంగి, పక్కకు జారబోయి ఆగిపోయినట్టు ఉండేది. ఒక్కోదానికీ కింద నంబరు. ఫొటోకొకటి మారుస్తుంటే తెర మీద నురగ పైకి లేస్తుంది.

పదిహేడో నంబరును హ్రుబెష్ తినేశాడు. కాఫీతో పాటు. అదేదో ఎవరో బల్ల మీద పెట్టిన మిఠాయి అనుకున్నాడట.

“మీకు కళ్లు లేవా? కింద నంబరుంది!”

“మిఠాయికి కింద ఎవరు చూస్తారమ్మా?”

“బాగుందా పోనీ?”

“తీపి కొంచెం ఎక్కువైంది.”

మళ్లీ చేసింది. ఆ నురగ గురించి పేటంతా చెప్పుకున్నారు. పిన్ని కూడా తక్కువేం కాదు, రొట్టె కొట్టు దగ్గర క్యూలో నిలబడి వెనకవాళ్లకూ ముందువాళ్లకూ చెప్పేది. నేను అంత మురిసిపోవడం ఆమెలో అంతకుముందు చూడలేదు.

నెల తిరిగేసరికి సినిమా అయింది. మంగళవారం జెలెనోవ్‌లో చూపించాలి. అంతకుముందు శుక్రవారం మధ్యాహ్నం వర్క్‌షాపు అలవాటు ప్రకారం బీరు కొట్టు జనాన్ని పిలిచి వేశారు. పదిహేనుమంది దాకా గ్లాసులతో సహా వచ్చి కూర్చున్నారు. కొట్టులో బీరు పట్టే మెలిఖర్ కూడా తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి, తలుపు దగ్గర నిలబడ్డాడు. డెబ్బై దాటిన మనిషి. నలభై ఏళ్లుగా ఆ కుళాయి దగ్గరే. నన్ను చూసి, “ఏం ఇంజనీరూ, ఈ రోజు బొగ్గుకి సెలవా?” అన్నాడు. కలిసినప్పుడల్లా అదే మాట, నాకు అలవాటైపోయింది.

దీపాలు ఆర్పారు. బొమ్మలు వచ్చాయి. పీపాల మనిషి టోపీ దులుపుకుంటే మంచు రాలింది. మసి మనిషి నిచ్చెన గోడకు ఆనించి, అది జారుతుందేమో అని వెనక్కి తిరిగి చూశాడు. జనం అక్కడే నవ్వడం మొదలుపెట్టారు. తర్వాత నురగ లేచింది.

“ఓరి నాయనో, నిజం నురగరా అది!”

“నిజమేలే. మెలిఖర్ గారు పట్టినట్టే ఉంది, సగం గ్లాసు నురగే!”

“నోరు ముయ్యరా. నీకు సగం పట్టినా దండగే,” అన్నాడు మెలిఖర్ చీకట్లోంచి.

గ్లాసులు తగిలాయి, తాగారు, అయిపోయింది. చప్పట్లు. హ్రుబెష్ పిన్ని భుజం తట్టాడు. ఆమె ముఖం పెనం మీద రొట్టెలా పొంగిపోయి ఉంది. అందరూ మాట్లాడుతున్నారు, మెలిఖర్ తప్ప. అతను తువ్వాలుతో ఉత్త చేతులు తుడుచుకుంటున్నాడు.

“ఏం మెలిఖర్ గారూ, నాలుక కరుచుకున్నారా?” అంది పిన్ని.

“బాగుందమ్మా. నురగ నేను పట్టేదానికన్నా బాగుంది.”

“మరి ముఖం అలా ఉందేం?”

“ఇంకోసారి వేయించు.”

వేశారు. చివరికొచ్చేసరికి అతను తెర దగ్గరకు నడిచి వచ్చి, వేలితో చూపించాడు.

“గ్లాసులు తగిలాయి. ఇదిగో, ఇక్కడ. పీపాలవాడు ఎటు చూస్తున్నాడు? నురగ వంక. మసివాడు ఎటు చూస్తున్నాడు? వాడూ నురగ వంకే. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోలేదమ్మా.”

మా దేశంలో బీరు తాగేవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. గ్లాసు తగిలించేటప్పుడు ఎదుటివాడి కళ్లలోకి చూడాలి. చూడకపోతే ఏడేళ్ల దరిద్రం అంటారు. పిల్లలకు నిమ్మరసం గ్లాసుతోనే నేర్పిస్తాం. ఎంతమంది ఉన్నా ఒక్కొక్కరినీ చూసి తగిలిస్తాం, ఎంత తాగి ఉన్నా ఇది మాత్రం మర్చిపోం. అలాంటిది, పదేళ్లు మాటల్లేని ఇద్దరు చూపు కలపకుండా గ్లాసులు తగిలించారంటే రాజీ పడ్డట్టా, పగ ఖాయం చేసుకున్నట్టా?

“అయ్యో, నిజమే కదా!” అన్నాడెవడో.

“బంగారంలాంటి బీరు, పాడు ముహూర్తం,” అన్నాడు ఇంకొకడు.

పిన్ని తెర దగ్గరికి వచ్చింది. “మెలిఖర్ గారూ, నేను పుట్టినప్పటి నుంచి తాగుతున్నాను. ఎలా మర్చిపోయాను?”

“మర్చిపోలేదమ్మా. నీ నురగ చూసి నువ్వు మురిసిపోయావు. బొమ్మల్ని కూడా దాన్నే చూడమన్నావు.”

అది కచ్చితంగా నిజం. తెర మీద బొమ్మ ఎటు చూస్తే జనమూ అటే చూస్తారు. ఆ కిటుకు ఆమెకు తెలుసు. జనం తన నురగనే చూడాలని రెండు తలలూ కిందికి వంచింది.

జనం వెళ్లిపోయాక హ్రుబెష్ పిన్నిని పక్కకు పిలిచాడు. నేను కూర్చున్న బొగ్గు పెట్టె దగ్గరే నిలబడ్డారు కాబట్టి అంతా విన్నాను.

“వదిలెయ్. ఒక్క సెకను ముక్క అది. ఎవడు పట్టుకుంటాడు?”

“మెలిఖర్ పట్టుకున్నాడు.”

“మెలిఖర్ బీరు పట్టేవాడు. అక్కడ కూర్చుని పాస్ చేసేది కమిటీ.”

“కమిటీ ఎక్కడ కూర్చుంటుంది? బ్రూవరీలో. అక్కడున్నవాళ్లందరూ మెలిఖర్లే, డైరెక్టరు గారూ.”

“చూడమ్మా, ఉన్నది ఉన్నట్టు ఇస్తే నూటికి తొంభై పాసవుతుంది. ఇప్పుడు కెలికావనుకో, ఫిల్ము కడిగే ల్యాబు సోమవారం దాకా తెరవదు. ప్రింటు మంగళవారం పొద్దున చేతికొస్తుంది. మనం చూసుకోను కూడా చూసుకోకుండా తీసుకెళ్లాలి. అది చెడిందనుకో, స్టూలూ లేదు, పరువూ లేదు. నీ కాళ్లతో నువ్వే స్టూలు తన్నేసుకున్నట్టు.”

“తన్నేసుకుంటాను.”

“పంతమా ఇది?”

“పంతం కాదు. ఈ ముక్క పాసైందనుకోండి. ఆ స్టూలు మీద కూర్చున్న ప్రతిరోజూ వీళ్లిద్దరూ ఆ నురగ వంక చూస్తూనే ఉంటారు. నాకొద్దు.”

హ్రుబెష్ కోటు వేసుకుని వెళ్లిపోయాడు. వెళ్తూ తాళంచెవులు బల్ల మీద పెట్టి వెళ్లాడు. ఒప్పుకున్నట్టా కాదా అన్నది పిన్ని అడగలేదు, తాళంచెవులు తీసి జేబులో వేసుకుంది.

శనివారం పొద్దున్నే అసలు చిక్కు బయటపడింది. బొమ్మల కళ్లు చెక్క మీద వేసిన రంగు. తల తిప్పితే కళ్లు తిరుగుతాయి గానీ, కళ్లు ముందు లేచి తల తర్వాత లేవడం కుదరదు. పదేళ్ల పగవాడి మొహం చూసేటప్పుడు ఎవడూ తల ఒక్కసారిగా ఎత్తడు, ముందు కళ్లే దొంగచాటుగా లేస్తాయి. పిన్ని ఉలి తీసుకుని నాలుగు కళ్లూ తవ్వేసింది. ఇక వెనక్కి పోయే దారి లేదు.

“ఒరేయ్ వీత్, పోయి తెల్లటి గాజు పూసలు పట్రా. మిరియం గింజంతవి. కొట్లు మధ్యాహ్నానికి మూసేస్తారు, బేగా పో.”

నేను బొగ్గు లారీలోనే వెళ్లి దర్జీ సామాను కొట్టులో తెచ్చాను. కొట్టామె నా మసి చేతులు చూసి, పూసలు కాగితంలో పొట్లం కట్టి దూరం నుంచే అందించింది. పిన్ని ఆ పూసల్ని కంటి గుంటల్లో కొంచెం మైనం వేసి కూర్చోబెట్టింది. పూసకున్న దారం రంధ్రమే కనుపాప. ఆ రంధ్రంలో సూది మొన పెట్టి తిప్పితే చూపు తిరుగుతుంది. మొదటిసారి తిప్పగానే మసి మనిషి నా వంక చూశాడు. నేను అడుగు వెనక్కి వేశాను.

పది గంటలకు లూకెష్ వచ్చాడు. చెయ్యి పట్టీలో వేలాడుతోంది. తెల్లకోటు లేదు గానీ దువ్వెన ఉంది.

“నా బొమ్మల కళ్లు పీకేశావటగా. పేటంతా అంటున్నారు.”

“నీవి కావు. ఈ నెల నావి.”

“ఎగతాళి చేయడానికి వచ్చానులే.”

“చెయ్యి. ఆ కుర్చీలో కూర్చుని చెయ్యి. వెలుతురుకి అడ్డం రాకు.”

కూర్చున్నాడు. గంటసేపు ఎగతాళి చేశాడు. ఆ తర్వాత ఎప్పుడో, ఆమె ప్రతి ఫొటోకీ కెమెరా దాకా వెళ్లి మీట నొక్కి మళ్లీ బొమ్మ దగ్గరకు రావడం చూసి, కుర్చీ జరుపుకుని, ఎడంచేత్తో మీట నొక్కడం మొదలుపెట్టాడు.

ఐదు సెకన్ల ముక్క. నూట ఇరవై ఫొటోలు. అందులో ఇంకో దెబ్బ. నెలరోజులు చెమ్మలో ఉండి నురగలు మెత్తబడిపోయాయి. ముప్పై ఒక్కింటిలో గట్టిగా నిలిచినవి తొమ్మిదే. వాటిలో కూడా చివరి పెద్ద నురగ ఒక పక్కకు వాలిపోయింది. కొత్తవి చేయాలంటే ఒక రోజంతా పొయ్యి దగ్గరే పోతుంది. పిన్ని వాలిన నురగనే గ్లాసు మీద పెట్టింది.

“నురగ కూలబడింది, చూశావా?” అన్నాడు లూకెష్.

“చూశాను. నువ్వు చూడకు. మొహాలు చూడు.”

మసి మనిషి కళ్లు ముందు లేచాయి. పీపాల మనిషి ఇంకా బల్ల వంకే చూస్తున్నాడు. తర్వాత అతని కళ్లు గ్లాసు మీదికి, గ్లాసు మీంచి ఎదుటివాడి మసి చొక్కా బొత్తాల మీదికి, ఒక్కో బొత్తామే ఎక్కుతూ గడ్డం దాకా, గడ్డం నుంచి కళ్లలోకి. ఇది మొత్తం శనివారం వెలుతురు పోయేదాకా పట్టింది. ఆదివారం పొద్దున ఆమె అంది:

“ఇప్పుడు పన్నెండు ఫొటోలు ఇద్దరూ కదలరు.”

లూకెష్ లేచి నిలబడ్డాడు. “మతి పోయిందా నీకు? పన్నెండు ఫొటోలు బొమ్మ కదలకపోతే అది బొమ్మైపోతుంది. అంతసేపూ చేసిందంతా చెక్క ముక్క అని తెలిసిపోతుంది. అది మొదటి రోజు పాఠం!”

“పదేళ్లు మాట్లాడనివాడి కళ్లలోకి చూశావనుకో. ఏం చేస్తావు?”

లూకెష్ ఆలోచించాడు. నిజంగానే ఎవరినో తలుచుకున్నట్టున్నాడు. “నిలబడిపోతాను.”

“నిలబెట్టు మరి.”

“బొమ్మ చచ్చిపోతుందే.”

“చావనివ్వను.”

తలలు కదపలేదు, కళ్లు కదపలేదు. పీపాల మనిషి బొటనవేలు ఒక్కటి, గ్లాసు మీద, ఫొటోకి వెంట్రుకవాసి చొప్పున నొక్కుకుంటూ పోయింది. అంతే. ఆ వేలి లోపల తీగ ఎక్కడ వంగుతుందో, ఎంతకు ఆగుతుందో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. పన్నెండోది అయ్యాక లూకెష్, “ఇది నాకు రాదు,” అన్నాడు. అతని నోటి నుంచి ఆ మాట నేను మళ్లీ వినలేదు.

మధ్యాహ్నం మూడింటికి గ్లాసులు తగిలాయి. పిన్ని నిలబడే ఊరబెట్టిన సాసేజి ఒకటి తిని ఇంటికి వెళ్లిపోయింది.

ల్యాబు నుంచి ప్రింటు మంగళవారం పొద్దున వచ్చింది. హ్రుబెష్ దాన్ని పాత ముక్క స్థానంలో అతికించి డబ్బాలో పెట్టేసరికి ఎనిమిదిన్నర. జెలెనోవ్‌లో పదకొండింటికి. వేసి చూసుకునే సమయం లేదు. ముగ్గురమూ నా లారీలో కూర్చున్నాం. పిన్ని మధ్యలో, సినిమా డబ్బా ఒళ్లో. దారంతా హ్రుబెష్ కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నాడు. ఒకసారి మాత్రం, “మెరుపు రాలేదు కదా? లైటు సమంగానే ఉంది కదా?” అన్నాడు. “తెలీదు,” అంది పిన్ని.

బ్రూవరీలో బార్లీ మొలకలు ఆరబెట్టే పాత గదిలో తెర కట్టారు. కమిటీ అంటే నలుగురు అనుకున్నాం, నలభైమంది ఉన్నారు. పీపాలవాళ్లు, లారీలవాళ్లు, సీసాలు నింపే ఆడవాళ్లు. అందరి చేతుల్లోనూ గ్లాసులు. ముందు వరసలో బీరు వండే పెద్ద, దోబియాష్. భారీ మనిషి, కుర్చీ అతని కింద చిన్నపిల్లలది అనిపిస్తోంది. పిన్ని కూర్చోలేదు, ప్రొజెక్టర్ పక్కన నిలబడింది. ఆమె చేతులు యాప్రాన్ జేబుల్లో ఉన్నాయి. యాప్రాన్ విప్పడం మర్చిపోయి వచ్చేసింది.

సినిమా మొదలైంది. మంచు రాలింది, నిచ్చెన జారబోయింది, నవ్వారు. నురగ లేచింది, “అబ్బో” అన్నారు. తర్వాత కొత్త ముక్క వచ్చింది. వెంటనే సీసాల ఆడవాళ్లలో ఒకామె, “అదేంటే, నురగ ఒక పక్కకి ఒరిగిపోయింది!” అని గట్టిగా అంది. పక్కవాళ్లు కిసుక్కుమన్నారు. హ్రుబెష్ కళ్లు మూసుకున్నాడు.

అప్పుడు మసి మనిషి కళ్లు లేచాయి.

నవ్వు ఆగింది. పీపాల మనిషి చూపు ఒక్కో బొత్తామే ఎక్కుతుంటే, నా పక్కనున్న లారీవాడు ఊపిరి బిగపట్టడం నాకు వినిపించింది. చూపులు కలిశాయి. ఇద్దరూ నిలబడిపోయారు. ఒక్క వేలు గ్లాసు మీద బిగుసుకుంటోంది. అరసెకను. అది ఎంత పొడుగుందో నేను చెప్పలేను. గ్లాసులు తగిలాయి.

ఆ గదిలో నలభైమంది, ఎవరూ చెప్పకుండానే, పక్కవాళ్ల వైపు తిరిగారు. టక్, టక్, టక్. అందరూ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటూ గ్లాసులు తగిలిస్తున్నారు. దోబియాష్ కుర్చీలోంచి వెనక్కి తిరిగి, వెనక వరసలో ఉన్న ముసలి పీపాలవాడితో తగిలించాడు. తెర మీద ఆ రెండు బొమ్మలూ తాగుతున్నాయి, ఒక్కడు కూడా వాటిని చూడటం లేదు. చూస్తున్నది పిన్ని ఒక్కతే. నేను పిన్నిని చూస్తున్నాను. ఆమె గడ్డం పైకెత్తి నిలబడి ఉంది. ఆ పొట్టి మనిషి నాకు మొదటిసారి పొడుగ్గా కనిపించింది.

దీపాలు వేశారు. దోబియాష్ మూతి మీద నురగ తుడుచుకున్నాడు.

“ఆ మసివాడి చూపు పైకి లేపిందెవరు?”

హ్రుబెష్ లేచాడు. సర్కారు కాగితాల భాష అతనికి నోటికొచ్చు. “మా వర్క్‌షాపు బృందం సమష్టిగా...”

“బృందం సంగతి నేను సంతకం పెట్టాల్సిన కాగితంలో ఉందిలే అయ్యా. చెయ్యి ఎవరిది అని అడుగుతున్నాను.”

“నాది,” అంది పిన్ని.

గొంతు పెద్దగా రాలేదు గానీ, గదిలో అందరికీ వినపడింది. నలభై తలలు వెనక్కి తిరిగాయి. దోబియాష్ ఆమెను కిందినుంచి పైదాకా, యాప్రాన్‌తో సహా చూశాడు.

“ఆ నురగ కూడా నీదేనా అమ్మా?”

“నాదే.”

“చివర్లో నురగ బాలేదు.”

“తెలుసు.”

“తెలిసే పెట్టావా?”

“తెలిసే పెట్టాను. ఎవరూ చూడరనుకున్నాను.”

“మా జర్మిలా చూసింది.” సీసాల ఆడవాళ్ల వైపు బొటనవేలు ఊపాడు. “దానికి మొగుడి మొహం కన్నా నురగే ఎక్కువలే.” గదంతా గొల్లుమంది. జర్మిలా ఏదో తిట్టింది. నవ్వు తగ్గేదాకా ఆగి, దోబియాష్ హ్రుబెష్ వైపు తిరిగాడు. “పాస్. ఒక్క ముక్క కూడా మార్చొద్దు. ఆ కాగితంలో ఈవిడ పేరు రాసి తెండి, అప్పుడు సంతకం పెడతాను.”

హ్రుబెష్ అక్కడే, పీపా మీద కాగితం పెట్టి, టైపు చేసిన ‘బృందం’ అన్న మాట కొట్టేసి, పైన పెన్నుతో అపొలెనా వ్ర్బతోవా అని రాశాడు. పిన్ని పక్కన నిలబడి, అక్షరాలు ఆరేదాకా చూసింది.

తిరిగొచ్చేటప్పుడు లారీలో, ప్రాగ్ ఇంకో గంట ఉందనగా హ్రుబెష్ గొంతు సవరించుకున్నాడు.

“సోమవారం నుంచి ఎనిమిదికల్లా రావాలమ్మా. చేతులు చేసేవాళ్లలా తొమ్మిదికి కాదు. బొమ్మలు జరిపేవాళ్లు ఎనిమిదికి వస్తారు.”

“నేను పద్దెనిమిదేళ్లుగా ఏడుకే వస్తున్నాను, డైరెక్టరు గారూ,” అంది పిన్ని. “తలుపు తీసేది ఎవరనుకున్నారు?”